దుబాయ్‌లో చిక్కుకుపోయిన వార్సా సంగీత దర్శకుడు

1981 డిసెంబరులో నేను బర్ దుబాయ్‌లోని ఒక రికార్డింగ్ స్టూడియోలో సీనియర్ సౌండ్ ఇంజినీరుగా ఉన్నాను. నా పేరు మస్తాన్, మాది నెల్లూరు. మద్రాసు స్టూడియోల్లో మైకులు మోయడంతో మొదలుపెట్టి రికార్డిస్టునయ్యాక, గల్ఫ్ నుంచి పిలుపొస్తే వెళ్ళాను. మా అందరి వీసాలకూ పూచీ పడ్డ కఫీల్, స్టూడియో యజమాని, ఎప్పుడో గాని కనిపించేవాడు కాదు. రోజువారీ పెత్తనమంతా ముదీర్‌ది, అంటే మేనేజరుది. ఆయన పేరు నాజీ, బేరూత్ మనిషి.

ఆ నెలలో మాకు వచ్చిన పని, ఎమిరేట్స్ దేశం ఏర్పడి పదేళ్ళయిన సందర్భంగా తీసిన ఒక పెద్ద డాక్యుమెంటరీకి సంగీతం రికార్డు చేయడం. సంగీత దర్శకుడు పోలండ్ దేశస్థుడు, తదేవుష్. వాళ్ళవాళ్ళు తాదెక్ అని పిలుస్తారట, మేమూ తాదెక్ సాబ్ అనే అలవాటు చేసుకున్నాం. యాభై దాటిన వయసు, సన్నటి మనిషి, ఎప్పుడూ ఒకటే గోధుమరంగు కోటు. యుద్ధంలో నేలమట్టమైన ఊళ్ళో పుట్టి, చర్చిలో మిగిలిన ఆర్గన్ మీద సంగీతం నేర్చుకున్నాడు. కచేరీల కోసం రాసిన సంగీతాన్ని ఎవరూ వాయించకపోతే సినిమాల్లోకి వచ్చాడు. పిల్లల బొమ్మల సినిమాల నుంచి యుద్ధ చిత్రాల దాకా అన్నిటికీ రాశాడు. తెర మీద మనిషి తలుపు తీసే లోపు ఎన్ని స్వరాలు పడతాయో చూడగానే చెప్పేవాడు. ఆయన భార్య హన్నా వార్సాలో బడి పంతులమ్మ. ఒక్కతే కూతురు ఎవా, యూనివర్సిటీ విద్యార్థిని. అప్పటికి కొన్ని వారాలుగా వాళ్ళ కాలేజీలో సమ్మె నడుస్తోందని ఆయన కాస్త గర్వంగా, కాస్త బెంగగా చెప్పేవాడు.

పదమూడో తేదీ ఆదివారం. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆదివారం మామూలు పనిరోజే. హోటళ్ళ బ్యాండ్లలో వాయించే గోవా వాళ్ళనూ ఫిలిప్పీన్స్ వాళ్ళనూ, బొంబాయి నుంచి రప్పించిన వయొలిన్ వాళ్ళనూ ఆ ఒక్క రోజుకే కుదుర్చుకున్నాం. సాయంత్రమైతే హోటళ్ళ వాళ్ళు వెళ్ళిపోవాలి. మళ్ళీ అందరినీ పోగెయ్యడం అయ్యే పని కాదు.

నేను స్టూడియోకి వెళ్ళేసరికి నాజీ గదిలో రేడియో మోగుతోంది. పోలండ్‌లో సైన్యం పాలన చేతిలోకి తీసుకుంది. వీధుల్లో ట్యాంకులు తిరుగుతున్నాయి. టెలిఫోన్లు తెగ్గొట్టారు, సరిహద్దులు మూశారు. నాజీ లేచి తలుపు వేశాడు. సెషన్ ఖలాస్ అయ్యేదాకా ఈ మాట హాల్లోకి వెళ్ళడానికి వీల్లేదన్నాడు. తాదెక్ సాబ్ కుటుంబం సంగతేమిటని నేనడిగితే, "మా ఊళ్ళో ఆరేళ్ళ నుంచి కాల్చుకుంటూనే ఉన్నారు. నేను రోజూ పనికి రావడం లేదా?" అన్నాడు. కర్కశంగా అన్న మాట కాదది. ఆయనకు నిజంగానే అలా అలవాటైపోయింది.

నాకు అలవాటు కాలేదు. హాల్లో తాదెక్ సాబ్ స్టాండ్ల మీద సంగీతం కాగితాలు సర్దుతున్నాడు. ఆయన్ని టేపు మిషన్లుండే గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు చెప్పాను. మా ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. రెండోసారి చెప్పమన్నాడు. చెప్పాను. "ఏ రేడియో?" అన్నాడు. స్టూడియోలో ఉన్న షార్ట్‌వేవ్ సెట్టు తిప్పి తిప్పి వాళ్ళ దేశం స్టేషన్ పట్టుకున్నాను. గరగరలో ఒక మగ గొంతు, తొణక్కుండా, కాగితం చదువుతున్నట్టు. అది ఆగాక మళ్ళీ అదే ప్రసంగం మొదటి నుంచి. తాదెక్ సాబ్ ముఖంలో రక్తం లేదు. కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటున్నాడు. బయటికి వెళ్ళబోతున్న మనిషిలా అన్ని గుండీలూ పెట్టుకుని, ఎక్కడికీ వెళ్ళకుండా కూర్చున్నాడు.

ఫోన్ చేయించాం. ఎక్స్ఛేంజ్ అమ్మాయి ఆ దేశానికి లైనే లేదంది. పొరుగు దేశం మీదుగా ప్రయత్నించమన్నాను. అదీ లేదు. నాజీ గుమ్మంలో నిలబడి నా వైపు ఒక చూపు చూశాడు. తాదెక్ సాబ్ లేచి, "వాళ్ళు సాయంత్రం వెళ్ళిపోవాలి కదా. మొదలుపెడదాం" అన్నాడు.

సినిమాకు సంగీతం పట్టేటప్పుడు ఎదురుగా తెర మీద బొమ్మ నడుస్తుంటుంది, దాన్ని చూస్తూ సంగీత దర్శకుడు చేయి ఊపుతాడు. మధ్యాహ్నం వరకూ ఒంటెలు, రేవు, బడిపిల్లలు, చమురు బావులు. ఒక్క తప్పు లేదు. తర్వాత పెరేడ్ రీలు వచ్చింది. దానికి ఆయన రాసింది హుషారైన మార్చ్. ప్రొజెక్టర్ వెలిగింది. వాద్యగాళ్ళ తలల మీదుగా, గోడంత పెద్దగా, సైనిక వాహనాలు వరసగా మా మీదికే వస్తున్నట్టు కనిపించాయి. పైన హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళు. ఆ రీలు అంతకు ముందు నేను ఎన్నోసార్లు చూశాను. ఆ క్షణం దాకా దానికీ పొద్దుటి వార్తకూ ముడి పెట్టుకోలేదు.

తాదెక్ సాబ్ ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉండిపోయింది. వాద్యగాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆయన కదల్లేదు. రీలు అయిపోయి తెర తెల్లబడింది.

నేను హాల్లోకి వెళ్ళాను. "బొమ్మ ఆపు మస్తాన్. నాకు లెక్క మాత్రం ఇవ్వు" అన్నాడు. లెక్కంటే క్లిక్. ఇయర్‌ఫోన్‌లో టకటకమని సమంగా కొట్టే చప్పుడు, బొమ్మ నడకకు కొలిచి తయారు చేసింది. దాన్ని పట్టుకుంటే తెర చూడకుండానే సంగీతం సరిగ్గా బొమ్మ మీద కూర్చుంటుంది. ప్రొజెక్టర్ ఆపించి, క్లిక్ ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని మార్చ్ మొదటి నుంచి చివరిదాకా నడిపించాడు. మొదటి టేకే ఓకే. బాకాలు అంత ఉల్లాసంగా పలకడం ఆ రోజంతటిలో అప్పుడే. అయిపోగానే గోవా వాళ్ళు, ఏమీ తెలియనివాళ్ళు, చప్పట్లు కొట్టారు. ఆయన వంగి నమస్కరించి, నేరుగా బాత్‌రూములోకి వెళ్ళి వాంతి చేసుకున్నాడు.

పోలండ్‌కు విమానాలు లేవు. హోటల్ గడువు ముగిశాక ఆయన్ని నా ఫ్లాటుకు తీసుకొచ్చాను. రాజన్న అనే జగిత్యాల అతను మా స్టూడియో డ్రైవరు. అతను రోజూ పొద్దున వచ్చి, "సాబ్, ఫోన్ కలిసిందా? బిడ్డ ముచ్చట ఏమన్న తెల్సిందా?" అని అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి. ఆ మనిషి ముందు కూర్చుని భోంచేయాలన్నా అతనికి ఏదోలా ఉండేదట.

జనవరిలో ఒకరోజు స్టూడియోలో ఉండగా ఎక్స్ఛేంజ్ నుంచి కాల్ కలిసింది. తాదెక్ సాబ్ రిసీవర్ పట్టుకుని గట్టిగా "హన్నా, హన్నా" అన్నాడు. అంతలో ముఖం చిట్లించి, లైన్లో ఏదో అడ్డమొస్తోంది, చూడమన్నట్టు పక్క ఫోను చూపించాడు. అది ఎత్తి చెవికి పెట్టుకున్నాను. ఒక ఆడగొంతు ఏదో రెండు ముక్కలు చెబుతోంది. మళ్ళీ అవే ముక్కలు, అదే విరుపుతో. అది మనిషి కాదు, టేపు అని నాకు వెంటనే తెలిసింది. అప్పటికి ఆయనకూ అర్థమైంది. రిసీవర్ చేత్తో మూసి, "లైను పాడు కాలేదు. ఈ సంభాషణ మేం వింటున్నాం అని చెబుతోంది" అన్నాడు. జీవితమంతా గొంతులు టేపు మీదికి ఎక్కించే పని చేసినవాణ్ణి. టేపుతో ఇలాంటి పని కూడా చేయిస్తారని ఊహించలేదు. పక్క ఫోను పెట్టేశాను.

ఆయన నెమ్మదిగా, దాదాపు సరదాగా మాట్లాడాడు. ఒకసారి నవ్వాడు కూడా. లైను తెగిపోయాక నేను, అంతా క్షేమమేనా అని సంతోషంగా అడిగాను.

"ఎవా విశ్రాంతి కోసం కొండల్లో చుట్టాలింటికి వెళ్ళిందట" అన్నాడు. "మాకు కొండల్లో చుట్టాలు లేరు. మా అమ్మాయి జైల్లో ఉంది మస్తాన్."

అక్కడ ఎండ బాగుందట కదా, తొందరపడి ఈ చలిలోకి రాకు అని కూడా భార్య చెప్పిందట. తిరిగి రావద్దనే ఆ మాటకు అర్థం. నాజీ కూడా అదే అన్నాడు. మొదటి రోజు ఎంత గట్టిగా ఉన్నాడో, ఆ వేళ అంత మెత్తగా, కఫీల్‌తో తానే మాట్లాడి రెండేళ్ళ వీసా ఇప్పిస్తానన్నాడు. "బేరూత్ వదిలి వచ్చినందుకు నన్ను ఎవరూ తప్పు పట్టలేదు" అన్నాడు. రాజన్న నా చెవిలో, "ఒక్కసారి లోపలికి వోతే మల్ల బయటికి ఇడువరంట సాబ్. ఈడనే ఉండమని జర గట్టిగ చెప్పుండ్రి" అన్నాడు. నేను అది ఇంగ్లీషులో చెప్పాను.

తాదెక్ సాబ్ రాజన్న భుజం మీద చేయి వేసి, "జైల్లో ఉన్నవాళ్ళను చూడ్డానికి తండ్రిని రానిస్తారు. ఇక్కణ్ణుంచి ఎలా చూస్తాను?" అన్నాడు. విమానాలు మొదలైన వారంలోనే వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళ తర్వాత ఒక పోలిష్ కెమెరామన్ షార్జాలో షూటింగ్‌కు వచ్చి, ఆ యూనిట్ డబ్బింగ్ పని మీద మా స్టూడియోకూ వచ్చాడు. తాదెక్ సాబ్ పేరు చెబితే గుర్తుపట్టాడు. కూతుర్ని ఆ ఏడాదే వదిలారట, జైల్లో పట్టుకున్న దగ్గు మాత్రం వదల్లేదట. తండ్రి సైనిక పాలన ఉన్నన్నాళ్ళూ టెలివిజన్‌కు ఒక్క స్వరం రాయనని భీష్మించి, ఇళ్ళకు వెళ్ళి పిల్లలకు పియానో చెప్పాడట. మళ్ళీ ఇప్పుడిప్పుడే సినిమాలకు రాస్తున్నాడని చెప్పాడు.

ఆ డాక్యుమెంటరీ తర్వాత చాలాసార్లు టీవీలో వేశారు. మార్చ్ వచ్చినప్పుడల్లా, ఆ మనిషి పడ్డ బాధ ఎక్కడైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. ఎక్కడా లేదు. శుభ్రంగా, హుషారుగా, లెక్కకు సరిపోయి ఉంది. గుండెలో ఉన్నది గొంతులోకి, గొంతులో ఉన్నది టేపులోకి వచ్చి తీరుతుందని మా వృత్తిలో అందరమూ నమ్ముతాం. రాకపోవచ్చని ఆ మార్చ్ విన్నాక తెలుసుకున్నాను. ఆ తర్వాత ఎవరైనా ఫోన్‌లో బాగానే ఉన్నామంటే, గొంతు బాగానే ఉంది కదా అని ఊరుకోలేదు. వెళ్ళగలిగిన చోటికి వెళ్ళి చూసి వచ్చాను.