చెప్పులేసుకొని ముట్టాల్సిన కంప్యూటర్

మొన్న ల్యాప్‌టాప్ అంచుకు మణికట్టు ఆనిందో లేదో, చీమ కుట్టినట్టు జిల్లుమంది. వేరేవాళ్లయితే చార్జర్ మార్చుకుంటారు. నాకు గద్వాలలోని మా బావ గుర్తొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండింది.

రెండువేల దశకంలో నేను వనపర్తిలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ని. అప్పట్లో కంప్యూటర్ గదికి గర్భగుడి మర్యాద. చెప్పులు బయట విడిస్తేనే లోపలికి ప్రవేశం. చెప్పులు వేసుకొని దగ్గరికి పోవాల్సిన కంప్యూటర్ భూప్రపంచంలో మా బావది ఒక్కటే. వట్టికాళ్లతో ముట్టుకుంటే మోచేతి దాకా జుమ్మనేది. గోడ సాకెట్‌కు రెండే రంధ్రాలున్నాయని, ప్లగ్గుకున్న మూడో పిన్నును, అంటే ఎర్త్‌ను, ఆయన కోసి పారేశాడు మరి. "డబ్బాకు ఎర్త్ లేకుంటే పానం తీస్తది బావా" అంటే, "మనిషే రెండు కాళ్ల మీద నిలవడ్తుండు, ప్లగ్గుకేంది రోగం బామ్మర్దీ?" అనేవాడు.

అంతటితో ఊరుకుంటే ఆయన మా బావ ఎట్లవుతాడు? దసరాకు దేవుడి పటం చుట్టూ సీరియల్ బల్బులు కంప్యూటర్ చెప్పినట్టు వెలిగి ఆరాలని, అట్టముక్క మీద ఒక సర్క్యూట్ చేసి, ఇంటి కరెంటును దాని గుండా ప్రింటర్ తగిలించే చోటికి కలిపాడు. నడుమ రెంటినీ వేరుగా ఉంచే ట్రాన్స్‌ఫార్మర్ లేదు, రిలే లేదు, దేవుడు తప్ప అడ్డం ఎవరూ లేరు. "ఇంటి కరెంటు కంప్యూటర్ల జొరబడొద్దు, నడుమ రిలే పెట్టు బావా" అని కృష్ణ అవతలి శ్రీరంగాపూర్ దాకా వినబడేటట్టు మొత్తుకున్నాను. "వెల్గుతున్నయా లేదా? జర నోరు మూస్కొని సూడు" అన్నాడు. వెలుగుతున్నాయి. అదే నా ఖర్మ.

పండగకు నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. పొద్దున మా అక్క ఆయుధపూజకని కంప్యూటర్ తుడిచి, తీసిన బల్బుల ప్లగ్గును తిరగేసి పెట్టింది. రెండు పిన్నులది ఎట్లయినా దూరుతుంది. కరెంటు వచ్చే తీగ, తిరిగిపోయే తీగ అటుదిటు అయ్యాయి. బావగారి సర్క్యూట్ దారి చూపించగా కరెంటు నేరుగా ఇనుప డబ్బాలోకి వచ్చి కూర్చుంది. వేరే రోజయితే కాళ్లకు చెప్పులుండేవి. చెప్పులేసుకొని పూజ ఎవరు చేస్తారు? తడి చేత్తో కుంకుమ పెట్టబోయిన అక్క డబ్బాకు అట్లనే అతుక్కుపోయింది.

బావ ఉరికి పట్టుకోబోయాడు. "ముట్టకు!" అని అరిచి మెయిన్ దించేశాను. అక్క కుప్పకూలింది. ఆమె మళ్లీ ఊపిరి పీల్చేలోపు బావా నేనూ ముసలివాళ్లమయ్యాం. కళ్లు తెరిచి, బావ దిక్కే చూసింది.

"ఇంటిల్లిపాదికి చెప్పులు ఏపిస్తివి. దానికొక్క ఎర్త్ ఎయ్యనీకె చేతులు రాలేదా?"

ఆ సాయంత్రమే పెరట్లో గుంత తవ్వించి ఎర్త్ వేయించాడు. ఇప్పుడు నాకే ఫోన్ చేసి ప్లగ్గుకు మూడు పిన్నులుండాలని పాఠం చెబుతాడు, వినక చస్తానా! అక్క మాత్రం దసరాకు మిక్సీకి బొట్టు పెట్టాలన్నా చెప్పులేసుకునే పెడుతుంది. ఎన్నేళ్లు గడిచినా, ఆ పొద్దు ఇంకా ఆ ఇంట్లో చెప్పులేసుకొని తిరుగుతూనే ఉంది.