మా మడికి వచ్చిన బంగారు తీగలు

చెరువులో పట్టిన మొదటి చేప ఊరి దొరలమైన మా ఇంటికి రావడం ఒకప్పటి ఆనవాయితీ. చెరువు మత్స్యకారుల సొసైటీ చేతికి పోయాక అది ఆగిపోయింది. అడిగి తినడం మా ఇంటా వంటా లేదు, అంగట్లో కొనడం అంతకంటే నామోషీ. నానమ్మ మాత్రం చేపల పులుసు కోసం అలమటించేది.

ఎనభైల్లో సొసైటీవాళ్లు బంగారు తీగ అనే పరదేశపు చేపను చెరువులో వదిలారు. అది గుడ్లు పెట్టడానికి గడ్డి మునిగిన లోతులేని నీళ్లు వెతుక్కుంటుంది. మరుసటి ఏడు తొలివానలకే చెరువు నిండి, నీళ్లు పక్కనున్న మా మడిలోకి ఎక్కాయి. వాటి వెంటే చేపలూ వచ్చి, పట్టపగలు మోకాటిలోతు నీళ్లలో వీపులు మెరిపిస్తూ దొర్లసాగాయి!

గట్టు మీద సొసైటీ పెద్ద పగలబడి నవ్వుతున్నాడు. "ఏంది దొరా, గట్లనే చూస్తరా? మీ మడిల జొరబడ్డయి మీయే. జల్దీ దిగున్రి!"

మా వంశంలో ఎవరూ చేప కోసం నీళ్లలో కాలు పెట్టలేదు. నేను ఇస్త్రీ పంచెతోనే దూకాను. పడ్డాను, లేచాను, మళ్లీ పడ్డాను, పడ్డప్పుడల్లా నవ్వాను. రెండు చేపలను కండువాలో మూటగట్టి ఇంటికి పరుగెత్తాను.

నానమ్మ కనుబొమ్మలు ముడిచింది. "ఎవలు పంపిన్రు?"

"ఎవలూ పంపలే నానమ్మా. అవే మన మడికి వచ్చినయ్."

"గట్ల చెప్పు మరి," అంటూ చింతపండు నానబెట్టడానికి లేచింది.