గోడ నుంచి గోడదాకా సిమెంటు

డెబ్బైల చివర్లో వరంగల్‌లో, ధాన్యం బజారు వెనక ఒక సందులో మేం అద్దెకుండేవాళ్లం. నేను ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. సందు ఎగువన సావుకారి కొట్టు, గోదాము ఉండేవి. దిగువన, పల్లంలో, దవాఖానలో పనిచేసే నర్సమ్మ సొంత ఇల్లు. మధ్యలో ఓ పది ఇళ్లు, అందులో ఒకటి మాది.

సందులో మంచినీళ్ల బావి నర్సమ్మ వాకిట్లోనే ఉండేది. మిగతా బావులవి చవుడు నీళ్లు. సావుకారి ఇంటికి కూడా పనిమనిషి రోజూ పొద్దున్నే రెండు బిందెలు అక్కణ్నుంచే తెచ్చేది. నర్సమ్మ వాళ్లు క్రైస్తవులు. సావుకారి ఇంట్లో మడీ ఆచారం ఎక్కువ. ఆ బిందెల గురించి సందులో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

దారి అప్పుడు ఎర్రమొరం నేల. పెంకుల చూరు నీళ్లు పడేచోట ప్రతి ఇంటి ముందూ మోకాలిలోతు గుంత ఒకటి ఉండేది, అడుగున రాళ్లతో. అవి ఎప్పుడు తవ్వినవో అడిగితే ఎవరూ చెప్పలేకపోయేవారు. వానకు నిండేవి, మర్నాటికి ఇంకిపోయేవి. నాకు కనిపించింది మాత్రం దోమలు, బురద. ఆ బురద మీద మూడుసార్లు వార్త రాశాను. మూడోదాని తర్వాత సిమెంటు రోడ్డు మంజూరైంది.

వేయడానికి వచ్చిన మేస్త్రీ, నడిమధ్య వేసి రెండు పక్కలా కాస్త నేల వదిలేస్తానన్నాడు. సావుకారి ఒప్పుకోలేదు. కందులు, మక్కలు ఎండబోయడానికి నున్నటి నేల ఇంటి ముందే దొరికే అవకాశం ఆయన ఎందుకు వదులుకుంటాడు? గోడ నుంచి గోడదాకా వేయాలని అర్జీ పెట్టించాడు. రాసింది నేనే. డ్యూటీ చీరకు బురద అంటకుండా ఉంటుందని నర్సమ్మ కూడా సంతకం చేసింది. గుంతలు ఎవరివి వాళ్లమే పూడ్చుకున్నాం. మా ఇంటి ముందుది నా చేత్తోనే పూడ్చాను.

ఆ ఎండాకాలమంతా సందులో కందులు పరిచి ఉండేవి. మేం అంచున అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేవాళ్లం.

మొదటి పెద్దవానకు నీళ్లు నర్సమ్మ గడప దాటాయి. ఆ వానాకాలంలోనే ఇంకో రెండుసార్లు అలాగే వచ్చాయి. గడప ఎత్తు చేయిస్తే, ఇంట్లోకి రావలసిన నీళ్లు వాకిట్లో నిలిచి బావిలోకి దిగాయి. నీళ్లన్నీ తోడిపోసి, బ్లీచింగ్ పౌడరు చల్లి, నాలుగు రోజులు ఎవరూ తాగలేదు. ఇంకోసారి ఇట్లా అయితే ఇల్లు అమ్మి దవాఖాన క్వార్టరులోకి పోతానని నర్సమ్మ మా ఇంట్లో చెప్పింది. చెప్పడమే కాదు, దవాఖానలో ఒక కాంపౌండరుతో బేరం కూడా మాట్లాడింది.

మరుసటి ఎండాకాలం డోర్నకల్ నుంచి ఆమె అన్న వచ్చాడు. రైలుపట్టాల గ్యాంగులో పనిచేసి రిటైరైన మనిషి. ఒక పొద్దంతా చెంబుతో నీళ్లు తెచ్చి, ఒక్కో ఇంటి ముందు సిమెంటు మీద పోస్తూ, అవి ఎటు పోతున్నాయో చూస్తూ తిరిగాడు. పట్టాల కింద నీళ్లు నిలిస్తే పట్టా కుంగిపోతుందని, అందుకే పక్కలకు కంకర పోసి నీళ్లకు దిగే దారి ఇస్తామని నాకు చెప్పాడు. ఇక్కడ గోడల వెంట మూరెడు వెడల్పున సిమెంటు పగలగొట్టి కంకర నింపాలి, గుంతలు మళ్లీ తవ్వాలి. అది ఆయన లెక్క.

సావుకారి కొట్టు ముందే ఆ మాట తేలింది.

"కొత్త రోడ్డు పగలగొడ్తవా అన్నా? ఇక్కడ రైలు నడుపుతవా ఏంది?"

"రైలు కాదు సేటూ, నీళ్లు. నీ కొట్టు కాడ బయలెల్లినయి ఎక్కడా ఆగకుంట మా చెల్లె ఇంట్ల దిగుతానయ్. జర నడుమ నాలుగు స్టేషన్లు పెట్టాలె."

సావుకారి కూడా నవ్వాడు. నవ్వి, కుదరదన్నాడు. కందుల్లో కంకర కలిస్తే సరుకు ఎవరూ ముట్టరని ఆయన బాధ. అప్పటిదాకా పక్కన నిలబడ్డ నర్సమ్మ గొంతు పెంచకుండానే అంది:

"నా బాయి నీళ్లు మీ ఇంట్ల తాగుతాండ్రు సావుకారీ. గవి మురుగైతె నాకొక్కదానికేనా?"

కొట్టులో ఇద్దరు ముగ్గురు బేరగాళ్లున్నారు. సావుకారి తక్కెడ గొలుసు సరిచేశాడు. చివరికి అన్నాడు:

"ఎడమ దిక్కు పగలగొట్టుకోండ్రి. కుడి దిక్కు నా కందులకు ఉండనియ్యి."

ఎడమ పక్కంతా పగలగొట్టాం. గుంతలు మాత్రం రెండు వైపులా తవ్వుకున్నాం. రోడ్డు వేసిన మునిసిపాలిటీ అనుమతి అడగలేదు. అందుకే ఈ సంగతి నేను పత్రికకు రాయలేదు.

ఆ ఏటి పెద్దవాన మిట్టమధ్యాహ్నం వచ్చింది. నర్సమ్మ డ్యూటీకి పోకుండా గడప మీద కూర్చుంది. అన్న బావి పక్కన గొడుగు కింద నిలబడ్డాడు. ఆయన పక్కన నేను. నీళ్లు వాకిట్లోకి వచ్చాయి, బావి గట్టుకు రెండు వేళ్ల కిందిదాకా లేచాయి, అక్కడే ఆగాయి. వాన ఇంకా పడుతూనే ఉంది. అరగంటకు నీళ్లు తగ్గి గట్టు కింద తడి గీత బయటపడింది. అన్న బావిలోంచి ఒక చేద నీళ్లు తోడి ఆమెకు చూపించాడు. తేటగా ఉన్నాయి.

నర్సమ్మ లేచి చీర మార్చుకుంది. డ్యూటీకి ఎట్లాగూ ఆలస్యమైంది, ముందు ఆ కాంపౌండరు దగ్గరికి వెళ్లి ఇల్లు అమ్మడం లేదని చెప్పి వస్తానని, అన్న చేతిలోని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.