మూడు అట్ట గుండెలు

మొన్న మా పాప పూసలు గుచ్చుతుంటే, ఊలు దారం కొస చీలిపోతోందని కరిగిన కొవ్వొత్తిలో ముంచి ఇచ్చాను. ఆ మైనం వాసనకు కరుణ టీచర్ కళ్ల ముందుకొచ్చేసింది. ఈ చిట్కా ఆమెదే.

తెలంగాణ ఉద్యమం రోజులు. మదీనాగూడలో మా నాన్న వాచ్‌మన్‌గా చేసే అపార్ట్‌మెంటు పక్కన రేకుల చర్చి ఉండేది. మేం చర్చివాళ్లం కాదు. ఆదివారం పిల్లల క్లాసులో బొమ్మలు చేయిస్తారని నేనే పోయేదాన్ని. టీచర్‌ది గుంటూరు వైపు, ఉండేది కూకట్‌పల్లిలో. ఒక బంద్ రోజున బస్సుల్లేకపోయినా నడిచొచ్చింది. పిల్లలం ఇద్దరమే, నేనూ స్నేహా. ఇవాళైనా టీచర్ నాకొక్కదానికే దక్కుతుందనుకుంటే ఈ పిల్ల ఎందుకొచ్చిందిరా దేవుడా అని ఒళ్లు మండింది. స్నేహ వాళ్ల నాయనమ్మ, అమ్మ ఇద్దరూ చర్చిలో పాటలు పాడేవాళ్లు. ఆ పిల్లను చూసి కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

టీచర్ మూడేసి అట్ట గుండెలిచ్చింది. బైబిల్లోని ముగ్గురికి గుర్తుగా: అవ్వ లోయి, అమ్మ యునీకే, కొడుకు తిమోతి. కపటం లేని విశ్వాసం ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందో చెప్పి, మన ఇళ్లలో అవ్వ, అమ్మ, మన పేర్లు వరసగా రాసి ఎర్ర దారానికి గుచ్చమంది. స్నేహ టకటకా రాసేసింది. నేను అట్లనే కూర్చున్నాను.

"రాయవేంటమ్మా?"

"మా నాయనమ్మ పోచమ్మకు మొక్కుతది టీచర్. స్నేహకైతే అందరున్నరు. నాకు మస్తు కుళ్లుగుంది."

టీచర్ కోప్పడలేదు. "ఎవరూ చూడనప్పుడు కూడా మొక్కుతుందా?"

"అప్పుడే మొక్కుతది. ఎవరన్న చూస్తే సిగ్గువడ్తది."

"అయితే రాయి. లోపలొకటి, బయటొకటి లేకపోవడమే ఇవాళ్టి పాఠం."

మల్లమ్మ అని పెద్దక్షరాలతో రాశాను. అప్పుడు చూశాను, టీచర్ తనకోసం గుచ్చుకున్న దండలో మొదటి రెండు గుండెల మీదా ఏమీ లేదు. ఎందుకని అడిగితే, "మా ఇంట్లో నలుగురూ వచ్చినప్పుడే ప్రార్థన చేసేవాళ్లు. నిన్ను చూస్తే నాకే కుళ్లుగా ఉందమ్మా" అంది. స్నేహను చూసి కాదు, నన్ను చూసి! ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఇదంతా చెబితే మా పాప తనకూ మూడు గుండెలు కత్తిరించమంది. మొదటిదాని మీద ముత్తవ్వ మల్లమ్మ పేరు రాసింది. రెండోదాని దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

"మమ్మీ, ఎవరూ చూడనప్పుడు నువ్వు కూడా మొక్కుతవా?"

స్నేహను చూసి పడ్డ కుళ్లు ఏ మూలకూ రాదు, మా నాయనమ్మను తలచుకుంటే ఆ క్షణాన అంత కుళ్లు పుట్టింది నాకు. "ఆగు బిడ్డా, నా పేరు ఇప్పుడే రాయకు" అన్నాను.