పెట్రోలు కారిన ఆదివారాలు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు నేను మోటారు సైకిలు పెట్రోలు కొళాయి తిప్పాను. టైము కచ్చితంగా తెలుసు. కొళాయి తిప్పి, చేతి గడియారం చూసుకుని రెండు నిమిషాలు ఆగడం, కార్బురేటరు అడుగున వేలు పెట్టి తడి ఉందేమో చూడటం, లేకపోతేనే కిక్కు కొట్టడం నా అలవాటు. ఆ రోజు వేలికి తడి తగల్లేదు. అరవై ఎనిమిదో సంవత్సరం, ఎండలు ఇంకా ముదరని రోజుల్లో ఒక గురువారం.

అప్పుడు నేను కోటబొమ్మాళిలో హైస్కూలు టీచర్ని. నా భార్య నెల రోజులుగా పాతపట్నంలో పుట్టింట్లో ఉంది. వెళ్ళినప్పుడు బాగానే ఉంది, అక్కడ జ్వరం పట్టుకుంది. తగ్గుతోందని రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ శనివారం వెళ్ళి చూసి వద్దామనుకున్నాను. గురువారం తెల్లవారాక అటునుంచి వచ్చిన బస్సు కండక్టరు ఇంటికి వచ్చి ఒక చీటీ ఇచ్చాడు. మా బావమరిది రాత. "అక్కకి ఏమీ బాగోలేదు. మిమ్మల్నే అడుగుతోంది. వెంటనే రండి."

బండి పాతది. యుద్ధంలో మిలిటరీ వాళ్ళు వాడి వేలం వేసింది, ముగ్గురి చేతులు మారి నాకు వచ్చింది. ఇంజను గట్టిది. ఒకటే జబ్బు, కార్బురేటరు దగ్గర పెట్రోలు కారేది. వారం మొదట్లో బాగుండేది, శనివారానికల్లా అడుగున చుక్క వేలాడేది. ఆదివారం పొద్దున్నే స్టేషను రోడ్డులో ఉన్న మెకానిక్కు పాక దగ్గరికి తోసుకుపోయేవాణ్ణి.

ఆ మెకానిక్కుకి అరవై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు రంగం, అంటే రంగూన్ వెళ్ళి అక్కడ మోటారు షెడ్డులో పని నేర్చుకున్నాడు. యుద్ధం వచ్చాక బర్మా అడవుల్లో నడిచి తిరిగొచ్చిన వాళ్ళలో అతనొకడు. భార్య ఆ దారిలోనే పోయిందని ఒకసారి చెప్పాడు, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒంటరివాడు. చదువు లేదు. నేను అతన్ని మావా అనేవాణ్ణి, అతను నన్ను మేస్టారూ అనేవాడు.

నాకు బండి గురించి తెలిసిందంతా అతను చెప్పిందే.

"కారడమంటే ఒక రోగం కాదు మేస్టారూ. అయిదారు రోగాలకి అదే లచ్చనం. ముందు ఎక్కడ కారతన్నాదో సూడాల. సుక్క పడిన సోటు వేరు, పుట్టిన సోటు వేరు" అనేవాడు.

చుక్క పుట్టే చోటు కనిపెట్టడానికి ముగ్గుపిండి వాడేవాడు. కార్బురేటరు శుభ్రంగా తుడిచి, ముగ్గుపిండి నీళ్ళలో కలిపి దాని మీద పూసి ఆరబెట్టేవాడు. ఆరాక తెల్లగా అయ్యేది. అప్పుడు కొళాయి తిప్పితే పెట్రోలు పుట్టే చోటు నుంచి సన్నటి తడిగీత కిందికి దిగేది. గీత గొట్టం అతుకు దగ్గర మొదలైతే వాషరు పోయినట్టు. కొళాయి దగ్గరైతే లోపలి బెండు ఎండిపోయినట్టు, దాన్ని వేడినీళ్ళలో ఉడికిస్తే ఉబ్బి మళ్ళీ పనికొచ్చేది. ఇవన్నీ నా చేత చేయించాడు. నాకు వచ్చాయి.

నా బండికి గీత ఎప్పుడూ గిన్నె పైనుంచే దిగేది. ఆ గిన్నె కార్బురేటరు పక్కన ఉంటుంది. ట్యాంకులోంచి పెట్రోలు ముందు అందులోకి వస్తుంది. అందులో చిన్న ఇత్తడి బుడ్డి తేలుతూ ఉంటుంది. గిన్నె నిండేసరికి బుడ్డి పైకి లేచి, దానికున్న సూది పెట్రోలు వచ్చే కన్నాన్ని మూసేస్తుంది. బుడ్డికి చిల్లి పడితే దానిలోకి పెట్రోలు చేరుతుంది, బరువెక్కి మునుగుతుంది. కన్నం మూసుకోదు, గిన్నె పొర్లుతుంది. నా బండి రోగం అదేనని మొదటి వారమే చెప్పాడు. కానీ బుడ్డి మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు.

"ఇది ముట్టకండి. సూది వొంగిపోతాది. నానున్నాను గదా. మీరు సదవండి."

చదవమనేది వారపత్రికలో సీరియలు. పత్రిక కొనుక్కునే అలవాటు నాది. మొదటి ఆదివారం అక్కడ కూర్చుని నాలో నేను చదువుకుంటుంటే, పైకి చదవమన్నాడు. అప్పటినుంచి అది నియమం అయిపోయింది. అతను వెలుతురు కోసం గుమ్మం వైపు తిరిగి బుడ్డి పని చేసుకునేవాడు, నేను స్టూలు మీద కూర్చుని చదివేవాణ్ణి. నా కళ్ళు కాగితం మీద ఉండేవి.

వినడంలో అతనికి ఓర్పు లేదు.

"ఒసే, ఎల్లకే! ఆడు మంచోడు కాదని మొన్నే సెప్పినాను."

"మావా, అది కథ. నువ్వు చెబితే వింటుందా?"

"కతైతే మటుకు బుద్ధుండొద్దేటి? ఆడితో ఎల్తే సచ్చిపోతాది, సూడండి."

"వచ్చే వారం తెలుస్తుంది."

"వచ్చే వారం దాకా ఆగాలేటి! ఆ రాసినోడికి పనీ పాటా నేదేటి?"

పని అయ్యాక బుడ్డి గిన్నెలో పెట్టి మూత బిగించి, "టంకం ఎట్టీసినాను. ఇంక సూడక్కర్నేదు" అనేవాడు. నా దగ్గర ఏమీ తీసుకునేవాడు కాదు. ఆ టంకం మాట నాలుగైదు వారాలకొకసారి కాదు, ప్రతి వారం విన్నాను. పాత ఇత్తడి, ఒక చోట మూస్తే ఇంకో చోట చిల్లి పడుతోంది కాబోలనుకున్నాను. నా భార్య మాత్రం నవ్వేది. "మీ బండికి శనివారమే జొరం వస్తాదేటండీ? ఆదివారం డాక్టరు దగ్గరికి సోకుగా బయల్దేరతారు." నేనూ నవ్వాను.

ఆ గురువారానికి ముందటి ఆదివారం అతన్ని ప్రత్యేకంగా అడిగాను. శనివారం పాతపట్నం వెళ్ళాలి, మా ఆవిడకి జ్వరం, బండి మీద వెళ్ళవచ్చునా అని.

"ఎల్లండి. దానికేటి? సుక్క కారితే నన్నడగండి" అన్నాడు.

గురువారం ఏడూ నలభైకి టెక్కలి చేరాను. నౌపడ నుంచి పాతపట్నం మీదుగా వెళ్ళే చిన్న రైలు స్టేషనులో నిలబడి ఉంది. ఎనిమిదింటికి కదులుతుంది, పదింటికి పాతపట్నం చేరుస్తుంది. బండి స్టేషనులో వదిలి రైలెక్కవచ్చునని ఒక నిమిషం అనుకున్నాను. కానీ బండి మీద అయితే తొమ్మిది లోపే చేరతాను. మళ్ళీ ఒకసారి వంగి వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది. రైలు వదిలేసి బయల్దేరాను.

అయిదారు మైళ్ళు వెళ్ళాక ఇంజను దగ్గి, నల్లటి పొగ వదిలి ఆగిపోయింది. దిగి చూస్తే గిన్నె పైనుంచి పెట్రోలు పొర్లి వేడి ఇంజను పక్కగా కారుతోంది. నేర్పినట్టే చేశాను. కొళాయి కట్టేశాను. ప్లగ్గు విప్పి తుడిచి ఆరబెట్టాను. పది నిమిషాలు ఆగాను. కొడితే అందుకుంది. అర మైలు పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ ప్లగ్గు విప్పాను.

అక్కడ పట్టాలు రోడ్డు పక్కనే ఉంటాయి. నేను ప్లగ్గు ఊదుతూ ఉండగా రైలు వచ్చింది. కొంచెం ఎత్తు కావడం వల్ల మనిషి నడకంత వేగంతో వెళుతోంది. తలుపు దగ్గర వేలాడుతున్న ఒకాయన, ఎవరో ఏమో, కేకేశాడు.

"ఏటి బావా, మొరాయించిందేటి? వచ్చీ, ఎక్కీ! జాగా ఉన్నాది!"

"బాగైపోతుంది. మీరు పదండి" అన్నాను.

అది నేను అన్న మాట. ఎవరూ నా చేత అనిపించలేదు. పది నిమిషాల్లో అందుకుంటుందని నమ్మాను. సూది దగ్గర నలుసేదో అడ్డుపడి ఉంటుందనుకున్నాను. బుడ్డి మీద నాకు అనుమానం లేదు, ఆదివారమే టంకం పెట్టాడు కనుక.

తర్వాత అది అందుకోలేదు. రెండు మైళ్ళు తోశాను. ఒక రైతు కళ్ళంలో బండి వదిలి, నడిచి, బెల్లం బస్తాల ఎడ్లబండి ఎక్కి, మళ్ళీ నడిచి, మధ్యాహ్నం రెండు గంటలకు పాతపట్నం చేరాను. మా ఆవిడ పదకొండున్నరకే పోయింది. పదిన్నర దాకా తెలివిగానే ఉందని, గుమ్మంలో ఎవరి అడుగు వినిపించినా నేనేనా అని అడిగిందని మా అత్తగారు చెప్పారు. చెప్పి, "రైలు పదింటికే వచ్చీసింది గదా బాబూ" అన్నారు. నేను బండి ఆగిపోయిందన్నాను.

ఆరో రోజున మా బావమరిది బండిని నాటుబండి మీద వేయించి తెచ్చాడు. నాకు చేసే పనేమీ లేదు. పెరట్లో కూర్చుని గిన్నె మూత విప్పాను. బుడ్డిని మొదటిసారి చేతిలోకి తీసుకున్నాను. చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు చప్పుడైంది. చిల్లి కనిపెట్టే పద్ధతి మాటవరసకి మెకానిక్కే చెప్పి ఉన్నాడు. వేడినీళ్ళలో ముంచితే లోపలి గాలి ఉబ్బి, చిల్లి ఉన్న చోట బుడగలు వస్తాయి. స్నానాలకు కాగిన నీళ్ళు ఒక గిన్నెలోకి తోడుకుని, పొయ్యికి దూరంగా తెచ్చి, బుడ్డిని ముంచాను.

బుడగల కన్నా ముందు నీళ్ళు తెల్లబడ్డాయి. బుడ్డి అంచున ఉన్న చిన్న ముద్ద మెత్తబడి జారింది. అప్పుడు బుడగలు వచ్చాయి, ఒక్క చోటి నుంచే. ముద్దను వేళ్ళ మధ్య నలిపి చూశాను. బట్టల సబ్బు.

పెట్రోలుకి సబ్బు కరగదు. దారిలో ట్యాంకు కారితే సబ్బు రుద్ది ఇల్లు చేరడం బండి ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఇల్లు చేరాక టంకం పెట్టిస్తారు. ఆ బుడ్డిని ఎండలో తిప్పి తిప్పి చూశాను. ఉన్నది ఒకే చిల్లి, సూదిమొనంత. ఇత్తడికి వేడి తగిలిన గుర్తు లేదు. టంకం జాడ ఎక్కడా లేదు.

పదమూడో రోజు గడిచాక కోటబొమ్మాళి వెళ్ళి బుడ్డిని మెకానిక్కు ముందు పెట్టాను. మా ఆవిడ పోయిన సంగతి అతనికి అప్పటికే తెలుసు.

"ఎన్ని వారాలు మావా?"

"మొదట్నుంచీ."

"ఎందుకు?"

"బాగైపోతే మీరు రారు గదా మేస్టారూ."

అతనే మళ్ళీ అన్నాడు. "బడికెల్లి రావడానికి సాలుతాది అనుకున్నాను. శనివారం ఎల్తానన్నారు. ఎల్లే ముందు ఎలాగూ కారతాది, నా కాడికి తెస్తారు, అప్పుడు టంకం ఎట్టీసి పంపుదామనుకున్నాను. బేస్తవారం ఎల్తారని నానేటి కలగన్నానా?"

"రమ్మంటే వచ్చేవాణ్ణి" అన్నాను.

"ఏటని రమ్మంటాను? కత సదవడానికి రండని మేస్టర్ని అడుగుతారేటి ఎవురైనా?"

అతను కొలిమి అంటించి, బుడ్డిలోని పెట్రోలు వంపి, వేడినీళ్ళలో కడిగి, ఆరబెట్టి, ఆ చిల్లికి టంకం పెట్టాడు. నేను పక్కన నిలబడి చూశాను. కాల్చిన ఇనప కడ్డీ ఇత్తడికి తగిలాక ఒక్క క్షణం పట్టింది. అంతా కలిపి పావుగంట పని. ఆ తర్వాత నేను అమ్మేదాకా ఆ బండి ఎప్పుడూ కారలేదు.

సబ్బు సంగతి పాతపట్నంలో చెప్పలేదు. చెబితే సాకులా ఉండేది. పైగా రైలెక్కమని పిలిచిన మనిషికి వద్దన్నది నేను. మా అత్తగారు పోయేవరకు, నేను తలచుకుంటే టైముకి వచ్చి ఉండేవాణ్ణనే అనుకున్నారు. అది అబద్ధమూ కాదు.

అతని మీద కోపం ఉందా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. పగవాడు చేసి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆ పాక ముందు నుంచి ఇంకో ఆరేళ్ళు బడికి వెళ్ళాను. నన్ను చూడగానే అతను చేతిలో పని ఆపి లేచి నిలబడేవాడు. నేను తల ఊపి వెళ్ళిపోయేవాణ్ణి. అతను పోయినప్పుడు మనిషి వచ్చి చెప్పాడు. వెళ్ళాను, ఎక్కువసేపు ఉండలేదు.

పుస్తకాలు ఇప్పటికీ చదువుతున్నాను. రిటైరయ్యేదాకా క్లాసులో పాఠం పిల్లల చేతే చదివించాను. నేను పైకి చదవడం లేదు.