తివాచీ మీద పసుపు పాదాలు

మారెక్క ఏ మరకనైనా ముందు వాసన చూసేది. చెయ్యి పెట్టడం ఆ తర్వాతే. బస్సులో పరిచే పీచుపట్ట గానీ, జీపులోని గోనెపట్ట గానీ, షావుకార్ల కార్లలో వేసే ఊలు తివాచీ గానీ తెచ్చి ముందర పడేస్తే, కొంగు నడుముకు చెక్కుకొని వంగి మూలమూలా వాసన పట్టేది. "ఇది చెనిక్కాయల నూనె. ఇది ఎవురో పసిబిడ్డ కక్కిన పాలు. ఈడ సూడు, మీ డ్రైవరు కల్లు ఒలకబోసినాడు" అని అందరి ముందూ చెప్పేసేది. డ్రైవర్లకు ఆమె అంటే అందుకే హడలు.

నా పేరు బయ్యన్న. అనంతపురంలో బెంగుళూరు రోడ్డు పక్కన సుబ్బన్న షావుకారు మోటారు షెడ్డులో సీట్లు కుట్టేవాణ్ణి. ఇరవయ్యేళ్లు మారెక్కా నేనూ ఒకే రేకుల చావడి కింద పనిచేశాం. నాకు కోపమెక్కువ, ఆమెకు నోరెక్కువ. రోజుకొకసారైనా ఇద్దరం తిట్టుకోకపోతే షెడ్డులో వాళ్లకు పొద్దు పోయేది కాదు.

ఆమె చాకలి ఇంటి మనిషి. ఊళ్లో పురిటి గుడ్డలూ చావు గుడ్డలూ ఉతికిన చేతులు. మొగుడు పోయాక, వంకలో నీళ్లెండిపోయి ఉతుకుడు సాగక, తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి చంకనేసుకొని పట్నానికి వచ్చింది. వస్తే మాత్రం ఏముంది, మా షెడ్డులోనూ నీళ్లు కొలతే! రోజుకు రెండు బకెట్లు. ఆ రెండు బకెట్లతోనే బస్సుల పట్టలన్నీ శుభ్రం చేసేది. నూనె మరకకు నీటిచుక్క తగలనిచ్చేది కాదు. సుద్దమట్టి పొడి చల్లి, పైన రాయి పెట్టి, మర్నాడు దులిపేది. ఆకువక్క ఉమ్మికి పుల్లమజ్జిగ. నెత్తురుకు చల్లనీళ్లు, ఉప్పు. బాగా మురికి పట్టిన వాటికి సవుడు మన్ను, అదే చవిటినేలల్లో తెల్లగా పొంగే మన్ను. సబ్బు కొనలేని మా సీమకు అదే సబ్బు.

ఆ చంకలో వచ్చిన తమ్ముడే ఓబులేసు. కడుపున పుట్టకపోయినా కొడుకే. వాడికి పెట్టాకే తాను తినేది. షెడ్డులో పానా అందించడం నుంచి మొదలుపెట్టించి, షావుకారు కాళ్లా వేళ్లా పడి, ఇరవై రెండేళ్లకు వాణ్ణి బాడుగ కారుకు డ్రైవరును చేయించింది. వాడు ఖాకీ చొక్కా వేసుకొని స్టీరింగు ముందు కూర్చున్న రోజు మారెక్క షెడ్డంతటికీ బెల్లం పంచింది. నాకూ పెట్టింది, "తిను, తిన్నాక ఎట్లాగూ తిడతావు కదా" అని.

అరవై మూడులో, ఎండలు మండిపోతున్న నెలలో, ఒక గురువారం ఓబులేసు కారు తీసుకొని షెడ్డుకు వచ్చాడు. దిగలేదు. స్టీరింగు పట్టుకొని అట్లే కూర్చున్నాడు. చెయ్యి పట్టి లాగితే ఒళ్లు పెనం. పళ్లు టకటకలాడుతున్నాయి. ఇంటికి మోసుకుపోయి పడుకోబెట్టాక, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

సోమందేపల్లెలో పెళ్లివాళ్లను దింపి ఖాళీ కారుతో వస్తున్నాడట. మిట్టమధ్యాహ్నం. పెనుకొండ దాటాక, చెట్టూ చేమా లేని చోట రోడ్డు పక్కన ఒక ఆడమనిషి చెయ్యెత్తింది. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో మూటలేదు. మొగమంతా, చేతులంతా, పాదాలంతా పసుపు. మాటా పలుకూ లేకుండా ఎక్కి వెనక సీట్లో కూర్చుంది. అద్దంలో చూస్తే రెప్ప వెయ్యడం లేదు. కొంతదూరం పోయాక "నీళ్లు" అంది. అప్పటికే ఇంజను కుతకుత ఉడుకుతోంది. చిన్న వంతెనలాంటి ఒక మోరీ దగ్గర ఆపి, "ఉండమ్మా, తెస్తా" అని దిగి, డబ్బాలో నీళ్లు ముందు ఇంజనుకు పోశాడు. మిగిలిన గుక్కెడు పట్టుకొని వెనక్కి వచ్చేసరికి సీటు ఖాళీ. తలుపు తెరిచి ఉంది. నాలుగు దిక్కులా చూశాడు. కనుచూపు మేర కంపచెట్టు కూడా లేదు. తివాచీ మీద రెండు పసుపు పాదాలు మాత్రం అచ్చు గుద్దినట్టున్నాయి. డబ్బా ఆడనే పారేసి వచ్చేశాడు.

మరుసటి రోజు మంత్రగాడు వచ్చాడు. "ముత్తైదువగా పోయినామె. పసుపు పూసి సాగనంపింటారు. నీళ్లడిగింది, ఇయ్యలేదు. ఈసారి నెత్తరడిగేకి వస్తాది" అని చెప్పి, ఒక తాయెత్తు కట్టి, కోడిపుంజును చంకన పెట్టుకొని పోయాడు. దాంతో ఓబులేసు ముద్ద ముట్టడం మానేశాడు. గంజి కూడా దిగలేదు. కళ్లు గుంటలు పడిపోయాయి. మారెక్క వాడి తల దగ్గర నుంచి కదల్లేదు. "దయ్యం లేదు గియ్యం లేదు, యాడనో దిగి పోయింటాది లేరా" అని బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. "యాడ దిగుతాదిక్కా? అంతా బయలే కదా!" అంటాడు వాడు. పిల్లవాడు దక్కడని పేటంతా అనుకున్నారు. నాకూ అట్లే అనిపించింది. దాచేదేముంది.

ఆదివారం పొద్దున షావుకారు నా మీద ఎగిరాడు. "కారు మూడు దినాల్నుంచి పండుకోనుండాది. ఆ తివాచీ కడిగిస్తావా, నన్నే కడగమంటావా?" నాకు రేగింది. మారెక్క లేదు, వస్తుందో రాదో తెలియదు. ఇదేం బ్రహ్మవిద్యా అని తివాచీ గుంజి, ఎండలో పరిచి, పిడికెళ్లతో సవుడు మన్ను చల్లి నీళ్లు చిలకరించాను. చూద్దును కదా, ఆ పసుపు పాదాలు నా కళ్లముందే రంగు మారాయి. వేళ్లు ఎర్రబడ్డాయి. మడమలు ఎర్రబడ్డాయి. చూస్తుండగానే రెండు నెత్తుటి పాదాలు లేచి నిలబడ్డాయి.

నా చేతిలో చెంబు జారిపోయింది. టైర్లు అతికేవాడు "నెత్తరో!" అని అరుస్తూ రోడ్డు మీదికి పరిగెత్తాడు. క్షణంలో జనం పోగయ్యారు గానీ, బారెడు దూరానికి దగ్గరగా ఒక్కడూ రాలేదు. ఎవడో ముందే పరిగెత్తి ఓబులేసు చెవిన వేశాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! వాడు ఒక్క అరుపు అరిచి మంచం మీద నుంచి కింద పడ్డాడట.

మారెక్క జుట్టు విరబోసుకొని వచ్చింది. తివాచీ చూసింది, నా చేతులకు అంటిన తెల్లమన్ను చూసింది. "ఎవురప్పా సవుడు చల్లింది? నువ్వేనా? సూదీ దారం పట్టుకునేవానికి ఈ పని ఎందుకప్పా? వాసన చూసినావా? పసుపుకు సవుడు తగిలితే ఎరుపు కాక ఇంకేమైతాది? సున్నంలో పసుపు కలిపి పారాణి పెట్టుకుంటాం కదా, మీ ఇంట్లో ఆడోళ్లు లేరా?" జనం ఒకరి మొగాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన నవ్వాడు కూడా. నేను చేతులకంటిన మన్ను పంచెకు తుడుచుకున్నాను.

ఆమె మొగంలో మూడు రోజుల తర్వాత వెలుగు కనబడింది. "ఓబులేసును ఎత్తుకోని రాండప్పా. వాని కండ్ల ముందరే దీన్ని మళ్లా పసుపు చేస్తా. అప్పుడన్నా ఆ భయం వదుల్తాది" అంది. నలుగురు మంచంతో సహా మోసుకొచ్చారు. వాడు కళ్లు మూసుకున్నాడు. మారెక్క వాడి గడ్డం పట్టి తిప్పింది. "తెరువురా. అక్కను నమ్మవా? చింతపులుసు పోస్తే మళ్లా పచ్చనైతాది. దయ్యం నెత్తరైతే కాదు. సూడు."

చింతపండు పిసికి, ఆ పులుసు కుడిపాదం మీద పోసింది. ఎరుపు వెనక్కి తగ్గింది. మడమ, అరికాలు, వేళ్లు ఒకటొకటిగా పసుపు పచ్చనయ్యాయి. జనం "అబ్బా" అన్నారు. ఓబులేసు మోచేతి మీద లేచాడు. మూడు రోజుల తర్వాత వాడు తనంత తాను లేవడం అదే.

తర్వాత ఎడమపాదం మీద పోసింది. వేళ్లు పచ్చనయ్యాయి. పక్కవార పచ్చనైంది. మడమ మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. ఇంకొంచెం పోసింది. చేత్తో రుద్దింది. పోలేదు.

మారెక్క వంగి వాసన చూసింది. చాలాసేపు చూసింది. లేచినప్పుడు ఆమె మొగం నేనెప్పుడూ చూడని మొగం.

"ఓబులేసూ, నిజం చెప్పు. ఆమె తలకు గుడ్డ కట్టుకోనుండెనా?"

"ఊఁ."

"సాంబ్రాణి వాసన వచ్చెనా?"

"వచ్చె."

"చెవుల్లో దూది ఉండెనా?"

వాడు మంచం పట్టె పట్టుకున్నాడు. "ఉండెనక్కా! అది చూసే నాకు పానం పోయింది. పీనుగుకు పెడతారే, అట్ల. చెప్పేకి నోరు రాలేదు."

"పీనుగుకు ముక్కులో పెడతారురా. చెవులకు పెట్టేది బాలింతకు, గాలి కొట్టకుండా. పసుపు పూసి నీళ్లు పోసింటారు, సాంబ్రాణి పొగ ఏసింటారు. ఈ గుడ్డలు ఇరవై ఏండ్లు ఉతికినదాన్ని, నాకు తెల్దా?" అక్కడే చతికిలబడింది. "కాలెంబడి నెత్తర కారుతాండెరా ఆమెకు. దయ్యానికి నెత్తరుంటాదా?"

మా వైపు పురుడు తీరేదాకా బాలింత గడప దాటదు. అట్లాంటిది మిట్టమధ్యాహ్నం ఒంటరిగా రోడ్డెక్కిందంటే, ఎవడైనా చచ్చినదనే అనుకుంటాడు. నేనైనా అంతే అనుకొని ఉందును.

"యాడ ఆపినావు?" అంది మారెక్క.

ఓబులేసు మంచం దిగాడు. నిలబడలేనివాడు నడిచిపోయి కారెక్కాడు. షావుకారు అడ్డం రాలేదు. మారెక్క వెనక కూర్చుంది, నేను ముందు. రాప్తాడు దాటాం. వాడి చేతులు వణకడం లేదు. భయం పోయింది మరి. మారెక్క కోరింది అదే కదా అని నాకు తోచింది.

గంటన్నరకు మోరీ వచ్చింది. నాలుగు వైపులా ఎర్రటి బయలే, వాడు చెప్పినట్టే. కానీ రోడ్డు దిగితే మోరీ కింద ఎండిపోయిన వంక. మోరీ నీడలో గొర్రెలు పడుకొని ఉన్నాయి. రోడ్డు మీద నుంచి చూస్తే తెలియదు. దిగితేనే తెలుస్తుంది. వాడు దిగి చూడలేదు.

గొర్రెల దగ్గర ఒక ముసలామె కూర్చొని ఉంది. పేరు హనుమక్క అని తర్వాత చెప్పింది. వంక ఇసుకలో మూరెడు లోతు చెలమ తవ్వి ఉంది. చేతివేళ్లతో తవ్వినది. అంచున ఇసుక ఇంకా పసుపుగా ఉంది. చెలమలో చుక్క నీళ్లు లేవు.

మారెక్కే అడిగింది. "ఈడ ఒక బాలింత..."

"తిప్పమ్మనా? మీకేమైతాదమ్మా?" అంది ముసలామె. "బేస్తవారం మద్దేన్నం గొర్లను నీడకు తోలుకోనొస్తే ఈడ ఉండె. దప్పి తాళలేక దిగి ఇసక తోడతాండె. పెండ్లయి ఏడాదన్నా కాలే. కాన్పై ఐదు దినాలంట. నెత్తర ఆగలే. మొగుడు కూలికి తనకల్లు పక్క పోయినాడంట, అత్తకు కండ్లు కనబడవు. తానే పెద్దాసుపత్రికి పోదామని రోడ్డెక్కినాది."

"బతికుండెనా?"

"పొద్దు గూకేదాకా ఉండె. నా సద్దినీళ్లు తాపినా. మా గుడిసెకు పోదాం రామ్మా, మనుషుల్ని పిల్సుకోనొస్తా, మంచం మీద మోసుకోని పోతాం అంటే రాకపాయె." హనుమక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కారాయన నీళ్లు తెస్తానని పోయినాడవ్వా, వస్తాడు, నేను లేకుంటే ఎతుక్కుంటాడు అనె. రోడ్డు మీద బండి సప్పుడైతే చాలు, అదో వచ్చె అనె. పానం పోయేదాకా అదే మాట. బిడ్డ ఉండాదిలే, మేకపాలు పోస్తాండారు."

నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఓబులేసు చెలమ పక్కన మోకాళ్ల మీద కూలబడి, ఆ పసుపు అంటిన ఇసుకను ముట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అక్కా, అది దయ్యమే కదక్కా?" అన్నాడు. "ఈమె కాదు, నా కారెక్కింది వేరే. దయ్యమే అని చెప్పక్కా. నీ కాలు మొక్కుతా, చెప్పు."

మారెక్క వాడి తల ఒళ్లోకి లాక్కుంది. "దయ్యమేరా నాయనా," అంది ఏడుస్తూ. "దయ్యమే."