నాగూర్ లాగిన డిస్కు

వించిపేటలో నాగూర్ ఇల్లెక్కడని అడిగితే ఏ నాగూరని ఎదురడుగుతారు. ఆ పేరున్నవాళ్ళు ఆ నాలుగు సందుల్లోనే పదిమంది తేలతారు. కంప్యూటర్ల నాగూర్ అంటే మాత్రం మారుమాట లేకుండా మేడమెట్ల దాకా తీసుకొచ్చి దింపుతారు. బక్కపలచటి మనిషి. ఎవరితో మాట్లాడినా అండీ అనకుండా మాట పూర్తి చెయ్యడు. పాడైన యంత్రం ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఎవరు పిలిచినా పలకడు. ఇంట్లో గ్లాసు పగిలినా తల తిప్పని మనిషి, పక్కింటి కంప్యూటర్లో డిస్కు గొంతు మారితే తింటున్న అన్నం ముందు చెయ్యి ఆపేస్తాడని అతని భార్య ఫరహత్ ఫిర్యాదు. ఫిర్యాదులో అబద్ధమేమీ లేదు.

పదిహేడో ఏట రేడియోల దుకాణంలో చేరాడు. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, టీవీల వెనకే కంప్యూటర్లొచ్చాయి. నాగూర్ కుర్చీ అదే, ముందున్న వస్తువే మారుతూ పోయింది. తొంభైల నడిమికల్లా గన్నవరం రైసుమిల్లు నుంచి మైలవరం కాలేజీ దాకా ఎక్కడ సర్వర్ మొరాయించినా అతనికే ఫోన్ వచ్చేది. సర్వర్ అంటే మరేం లేదు, ఆఫీసులో మిగతా కంప్యూటర్లన్నీ తమ సామాను దాచుకునే పెద్ద పెట్టె. పెట్టెలో డిస్కులుంటాయి. డిస్కులు పోతుంటాయి. పోయినదాన్ని తీసి కొత్తది పెట్టడమే నాగూర్ బతుకుతెరువు.

అందులో ఒక తమాషా ఉంది. ఐదు డిస్కులున్న పెట్టెలో ఒకటి పోయినా పని ఆగదు. పోయినదాంట్లో ఏముందో మిగతా నాలుగూ కలిసి చెప్పేస్తాయి, కొత్తది పెడితే దాన్ని కూర్చోబెట్టి అంతా మళ్ళీ రాయిస్తాయి. దీన్ని వ్యాపారస్తులకి అర్థమయ్యేలా చెప్పడానికి నాగూర్ దగ్గర ఒకే మాట ఉండేది. "ఒకడు పోతే మోయడానికి నలుగురున్నారండీ. ఇద్దరు పోతే లేరండీ." కొత్త మిషను కొన్న రోజున ఈ అశుభమేమిటని కొందరు మొహం చిట్లించేవాళ్ళు. కానీ ఎవరికీ రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

అతనికో పద్ధతి కూడా ఉంది. డిస్కు లాగేముందు యజమాని పక్కన నిలబడి, వేలు పెట్టి, పైకి లెక్కపెట్టి, ఇదే అని చూపించాలి. ఇద్దరు చూస్తే ఒకరి తప్పు ఇంకొకరు పట్టుకుంటారని అతని నమ్మకం. ఇద్దరూ కలిసి ఒకే తప్పు చేస్తే పట్టుకునేదెవరని అతను ఆలోచించలేదు. చాలా ఏళ్ళపాటు ఆలోచించే పని పడలేదు.

వన్‌టౌన్‌లో మల్లేశ్వరరావుది చేనేత బట్టల వ్యాపారం. పెడన, మంగళగిరి వైపు కొన్ని మగ్గాలకి ఆయన దుకాణం నుంచే చీరల అంచుల డిజైన్లు వెళ్ళేవి. వాటిని తయారుచేసేది చౌడేశ్వరమ్మ. ఆవిడ తండ్రి నేతగాడు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడీ పెన్సిలుతో నింపుకుంటూ జీవితకాలంలో నాలుగువందల పన్నెండు అంచులు గీసి వెళ్ళిపోయాడు. నలభై ఎనిమిదో ఏట మౌసు పట్టడం నేర్చుకుని, ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటే స్కానర్ మీద పరిచి సర్వర్‌లోకి ఎక్కించింది చౌడేశ్వరమ్మ. ఎక్కించిన ఏడాదికే కాగితాల పెట్టెకి చెదలు పట్టింది. చెదలు చాలా శ్రద్ధగా పనిచేశాయి. ఒక్క కాగితం మిగల్చలేదు. అప్పట్నించి ఆ అంచులన్నిటికీ లోకంలో ఉన్న చోటు ఆ ఐదు డిస్కులే.

నకలు తీసి వేరేచోట పెట్టమని నాగూర్ వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. "పెడదాం పెడదాం" అనేవాడు మల్లేశ్వరరావు. ఆ దుకాణంలో ఎవరూ ఎవరికీ లేదని గాని కాదని గాని చెప్పరు. అడిగిన రంగు చీర లేకపోతే రేపొస్తుందంటారు. వ్యాపారం చేసేవాడి నోట కాదనే మాట రాకూడదని మల్లేశ్వరరావు సిద్ధాంతం.

రెండువేల మూడు దసరాకి దుకాణంలో ఆయుధపూజ చేశారు. బట్ట కొలిచే కడ్డీకి, కత్తెరలకి, ఫోనుకి, సర్వర్‌కి అన్నిటికీ చౌడేశ్వరమ్మే పసుపు రాసి కుంకుమ పెట్టింది. సర్వర్ ముందు భాగంలో డిస్కులు ఒకదాని మీద ఒకటి టిఫిన్ క్యారియర్ గిన్నెల్లా ఉంటాయి. ఒక్కోదానికి ఒక చిన్న దీపం. బాగుంటే ఆకుపచ్చ, పోతే నారింజ. బొట్టు పెట్టడానికి నుదురులా కనబడిన చోటు అదొక్కటే కాబట్టి ఐదు బొట్లూ ఐదు దీపాల మీదే పడ్డాయి. మర్నాటి నుంచి సర్వర్ కూయడం మొదలుపెట్టింది. మల్లేశ్వరరావు దాని మీద చీరల అట్టపెట్టె పెట్టించాడు. కూత కాస్త తగ్గింది. నాలుగో రోజుకి కూడా ఆగకపోయేసరికి నాగూర్‌కి ఫోన్ చేశాడు.

పొద్దున్నే నాగూర్ కొత్త డిస్కుని తువ్వాల్లో చుట్టుకుని మోపెడ్ మీద వచ్చాడు.

"ఎన్నాళ్ళ నుంచి కూస్తుందండీ?"

"నాలుగు రోజులైందయ్యా. పూజ చేసినాక మొదలెట్టింది. శుభమేమో అనుకున్నాం."

నాగూర్ అట్టపెట్టె దించి చూశాడు. దీపాలు కనబడటం లేదు, కుంకుమ గట్టిగా అంటుకుని ఉంది. తుడవడానికి చెయ్యి ముందుకెళ్ళి ఆగిపోయింది. పండగనాడు పూజ చేసి పెట్టిన బొట్టు. తను తుడిస్తే ఏమనుకుంటారో! అడిగితే మల్లేశ్వరరావే గుడ్డ తెచ్చి ఇచ్చి ఉండేవాడు. అడగడానికి కూడా మొహమాటపడ్డాడు మహానుభావుడు. కీబోర్డు ముందు కూర్చుని సర్వర్‌నే అడిగాడు. రెండో నంబరు డిస్కు పోయిందని తెర మీద వచ్చింది.

"మల్లేశ్వరరావు గారూ, పైనుంచి లెక్కపెట్టి రెండో నంబరు చూపించండి. ఈ మిషన్లో మొదటిది సున్నా అండీ. సున్నా నుంచి మొదలెట్టాలి."

"ఏందయ్యా నువ్వు! ఇంకా బోణీ కూడా కాలా. పొద్దున్నే నాతో సున్నా అనిపిస్తావా?"

"మరేమంటారండీ?"

"ఎప్పుడూ ఏమంటామో అదే అంటా."

బట్టలైనా ధాన్యమైనా మన వైపు వ్యాపారస్తుడు మొదటిదాన్ని ఒకటి అనడు. లాభం అంటాడు. ఆ తర్వాత రెండు, మూడు. మల్లేశ్వరరావు పై డిస్కు మీద వేలు పెట్టి "లాభం" అన్నాడు. దాని కింది డిస్కు మీద వేలు పెట్టి "రెండు. ఇదేగా?" అన్నాడు.

సున్నా బదులు లాభం అన్నాడు, బాగానే ఉంది. మరి మధ్యలో ఒకటి ఏమైందని నాగూర్‌కి తట్టలేదు. తట్టకపోవడంలో వింతేమీ లేదు. చిన్నప్పట్నించి అతని ఇంటికి బియ్యం కొలిచి పోసింది లాభం, రెండు, మూడు అనే. ఆ వరస చెవిన పడితే లోకమంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. లాగాల్సింది మూడో డిస్కు. "ఇదేనండీ" అని పిడి వదులు చేసి రెండోదాన్ని లాగేశాడు.

కూత ఆగిపోయింది.

"చూశావా, నీ చెయ్యి పడగానే ఆగింది!" అన్నాడు మల్లేశ్వరరావు.

నాగూర్ తన చేతి వంక చూసుకున్నాడు. అతని చేతిలో డిస్కు సన్నగా వణుకుతోంది. లోపలి పళ్ళెం ఇంకా తిరుగుతూ, మెల్లగా ఆగుతోంది. నాలుగు రోజుల కిందట పోయిన డిస్కు అలా వణకదు.

"నాగూరూ, నేను వేస్తున్న అంచు మాయమైందయ్యా" అని పక్క గదిలోంచి చౌడేశ్వరమ్మ కేకేసింది.

ఈలోపు సర్వర్ దానంతటదే ఆగి మళ్ళీ మొదలై, తెర మీద ఒక ప్రశ్న వేసింది. పాత సామాను ఏదీ కనబడటం లేదు, అంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టనా? అవునంటే వై నొక్కు, కాదంటే ఎన్ నొక్కు. మల్లేశ్వరరావుకి ఇలాంటి ప్రశ్నల్లో సందేహం ఉండదు. వంగి, వై అక్షరం వెతుక్కుని, వేలు దాని మీద పెట్టబోయాడు.

"చెయ్యి తియ్!"

నాగూర్ నోట అండీ లేని మాట ఆ దుకాణంలో అదే మొదటిసారి వినబడింది. మల్లేశ్వరరావు చెయ్యి తియ్యడమే కాదు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

నాగూర్ కూర్చుండిపోయాడు. భయమేసింది. ఇద్దరు పోయారు. ఇక మోసేవాళ్ళు లేరు. అప్పుడే అతనికి ఒక సుఖమైన దారి కూడా కనిపించింది. రెండో డిస్కు దానంతటదే పోయిందంటే కాదనేవాళ్ళు ఊళ్ళోనే లేరు. డిస్కులు పోతుంటాయి కదా. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో చౌడేశ్వరమ్మ కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, పోయింది ఒకటి, నేను లాగింది ఇంకోటి. తప్పు నాదే."

"అయితే?"

"మీ నాన్నగారి అంచులు అన్నీ ఉండొచ్చు, అన్నీ పోనూవచ్చు. దీన్ని మళ్ళీ దాని చోట్లో పెట్టి, నువ్వు బాగానే ఉన్నావని బలవంతంగా ఒప్పించాలి. ఒప్పుకుంటే బతికినట్టే. అక్కడ మళ్ళీ తప్పు చేస్తే ఇంక లేదమ్మా. నా మీద నమ్మకం లేకపోతే హైదరాబాద్ పంపిద్దాం. నేనే తీసుకెళతా."

చౌడేశ్వరమ్మ సర్వర్ వంక, అతని చేతిలో ఆగిపోయిన డిస్కు వంక చూసింది.

"నువ్వే లాగావా?"

"నేనేనమ్మా."

"అయితే నువ్వే పెట్టు."

"ముందు ఆ బొట్లు తుడవాలమ్మా. దీపాలు చూడాలి."

"ఇందాకే తుడవకపోయావా?"

"మీరేమన్నా అనుకుంటారేమోనని."

"ఏమనుకుంటాం నాగూరూ? దుమ్ము పడితే మేం మాత్రం తుడవమా?" అని కొంగు తడిపి ఐదు బొట్లూ ఆవిడే తుడిచేసింది. నాగూర్ సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఎవరైనా తిడితే బాగుండుననుకున్నాడు. ఎవరూ ఆ సాయం చెయ్యలేదు.

డిస్కుని దాని చోట్లోకి తోశాడు. రెండు నారింజ దీపాలు వెలిగాయి. ఒకటి దానంతటది పోయింది, ఒకటి నాగూర్ పంపించింది. ఈసారి లెక్క ఎవరినీ అడగలేదు. తెర మీది ప్రశ్నకి ఎన్ నొక్కి, తను పంపించినదాన్ని ఎంచుకుని, మూడుసార్లు చూసుకుని, మీట నొక్కాడు. తెర నల్లబడింది. గోడ దగ్గర మల్లేశ్వరరావు గట్టిగా ఊపిరి పీల్చుకుని వదలడం మర్చిపోయాడు. కాసేపటికి రెండో దీపం ఆకుపచ్చగా మారింది. పక్క గదిలో చౌడేశ్వరమ్మ కంప్యూటర్ మీద ఫైళ్ళ పేర్లు వరసగా దిగాయి. ఒకటి నుంచి నాలుగువందల పన్నెండు దాకా.

అప్పుడు నాగూర్ అసలు పోయిన మూడోదాన్ని తీసి కొత్తది పెట్టాడు. మిగతా నాలుగూ దానికి అంతా చెప్పి రాయించడానికి ఐదు గంటలు పడుతుంది. ఆ ఐదు గంటలూ కదలనని, చౌడేశ్వరమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మల్లేశ్వరరావు నకలు తీసే మిషను ఒకటి చూడమన్నాడు. ఎప్పుడు పెడదామని అడిగితే రేపనలేదు, ఇవాళే అన్నాడు.

చౌడేశ్వరమ్మ ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఇలాంటి ఫైళ్ళు లక్షలు కాపాడాడు గాని, ఒక్కదాని లోపల ఏముందో నాగూర్ ఎప్పుడూ చూడలేదు. వాటి బరువు తెలుసు, పేరు తెలుసు, అంతే. ఇప్పుడు చూస్తున్నాడు. పసుపెక్కిన గళ్ళ కాగితం, పెన్సిలుతో నింపిన గళ్ళు, హంసలు, రుద్రాక్షలు, తప్పు పడిన చోట కొట్టేసి మళ్ళీ వేసిన గడీ. ఒక కాగితం మూల నల్లటి మచ్చ ఉంది.

"స్కానర్ అద్దం మీద మరకేదో పడిందమ్మా" అన్నాడు, పనిమంతుడి అలవాటు కొద్దీ.

"మరక కాదు. పెద్దది చేస్తా చూడు."

పెద్దది చేసింది. మచ్చలో గీతలు కనబడ్డాయి. పెన్సిలు పొడి అంటిన బొటనవేలి ముద్ర.

"మా నాన్నది" అంది చౌడేశ్వరమ్మ. "ఆయన ఎప్పుడూ ఫోటో తీయించుకోలా. నాకు మిగిలింది ఈ వేలు ఒక్కటే."

నాగూర్ స్టూలు ముందుకి జరుపుకుని ఆ ముద్ర వంక చూశాడు.

"ఈ మాట పొద్దున చెప్పలేదేంటమ్మా?"

"చెప్తే నీ చెయ్యి వణికేదిగా" అని ఆవిడ తర్వాతి ఫైలు తెరిచింది.